మెరక ఎక్కని బండి

మా అవ్వకు డోలీ అంటే పడదు. "మనుషుల భుజాల మీద నేను ఒకేసారి పోతాను. అప్పుడు తీసకపొయ్యేది కొండకు గాదులే" అనేది. మోకాళ్ళు అరిగిపోయి మెట్లెక్కలేని స్థితికి వచ్చాక కూడా ఆ మాట మీదే నిలబడింది. మేముండేది దిగువ తిరుపతిలో. వాకిట్లో నిలబడి తలెత్తితే చాలు, కొండ ఎదురుగా ఉంటుంది. ఎక్కడెక్కడి వాళ్ళో రైళ్ళెక్కి వచ్చి స్వామిని చూసిపోతుంటే, కొండ కింద కాపురముండి పన్నెండేళ్ళుగా చూడలేదని ఆమె బాధ. ఆ సంగతి రోజుకొకసారైనా మాకు గుర్తు చేసేది.

మోకాళ్ళు చాలవన్నట్టు కళ్ళలో శుక్లాలు కూడా వచ్చాయి. మద్రాసు డాక్టరు ఆపరేషన్ చేస్తే చూపు రావచ్చన్నాడు. రావచ్చు అన్న మాట అవ్వకు నచ్చలేదు. "కత్తి రవ్వంత పక్కకు పోతే? ముందు స్వామిని సూసి వస్తాను. ఆమీద కత్తో కటారో మీ ఇష్టం" అంది. ఆమెను ఒప్పించగలిగిన మగవాడు మా వంశంలో పుట్టలేదు. కాబట్టి కళ్ళు పూర్తిగా మూతపడేలోగా ఆమెను కొండ ఎక్కించాలి. మా ఇంట్లో ఆ ఏడాది అంతకన్నా పెద్ద పని లేదు.

నాయన రోజూ పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి, మంచం మీద కూర్చున్న అవ్వకు వేళ్ళు చూపించేవాడు. "ఎన్నమ్మా?" అనేవాడు. "మూడు" అనేది అవ్వ. నాయన సంతోషంగా మిషనుకు వెళ్ళిపోయేవాడు. మాకు వేరుశనగ నూనె మిషను ఉండేది.

కొండకు బండ్లు పోయే దారి వేస్తున్నారని తెలియగానే నాయన కారు కొనాలని తీర్మానించాడు. అది యుద్ధకాలం. కొత్త కార్లు రావడం ఏనాడో ఆగిపోయింది. చిత్తూరులో ఉన్న ఒక కార్ల కంపెనీ ఏజెన్సీలో, దేశం విడిచి పోతున్న తెల్లదొర ఒకాయన అమ్మేసిన పాత కారుందని ఎవరో చెప్పారు. నాయన పోయి చూసి, చుట్టూ మూడుసార్లు తిరిగి, టైర్లను కాలితో తన్ని కొనేశాడు. ఎద్దుల్ని కొనేటప్పుడు పళ్ళు చూసే మనిషి. కారుకు పళ్ళు లేవు కాబట్టి తన్ని ఊరుకున్నాడు.

కొండదారి తెరిచేనాటికి ఏజెన్సీ డ్రైవరే కారును మా ఇంటి దాకా తోలుకొచ్చి అప్పగించి పోయాడు. ఆ తర్వాత దానికి సారథిని నేను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. బి.ఏ. గట్టెక్కి, లా చదవాలా, మిషను చూసుకోవాలా అని తేల్చుకోలేక, ఆ రెండూ చేయకుండా తిరుగుతున్న కాలం. బండి తోలడం మిషను లారీ మీద నేర్చుకున్నాను. ముక్కుమీది కోపం మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పుట్టుకతోనే వచ్చింది.

కారు వచ్చిన రోజు అవ్వ దాని చుట్టూ తిరిగి, అరచేతులతో ఒళ్ళంతా తడిమింది. లైట్లు తడిమి "కండ్లా?" అంది. అవునన్నాను. "నాకంటే నయం" అని, "ఇంగ గుండెకాయ యాడుండాది రా దీనికి?" అని అడిగింది.

ఇంత తెలివైన ప్రశ్న ఇంట్లో ఇంకెవరూ అడగలేదు. బి.ఏ. చదివినవాడికి ఎవరైనా ఏదైనా అడిగితే చాలు గదా. బానెట్ గొళ్ళెం ఆమె చేతే తీయించి, పైకెత్తి, ఆమె చెయ్యి పట్టుకుని లోపల ఒక్కొక్కటీ తాకించాను. "ఇదిగోవ్వా, ఇది పెట్రోలును, గాలిని కలిపేది. ఈ సన్న కడ్డీ సూడు. నేను కాలితో తొక్కితే ఇది కదుల్తుంది. ఇది ఎంత కదిలితే ఇంజనుకు అంత బలం. గుండెకాయంటే ఇదే అనుకో."

అవ్వ ఆ కడ్డీని రెండుసార్లు తడిమి, "ఇంతేనా?" అని పెదవి విరిచింది.

మరునాడు పొద్దున స్నానం చేసి వచ్చి అందరికీ వినపడేలా ప్రకటించింది. "స్వామికి ముడుపు కట్టినాను. ఈ బండి మొదట ఎక్కేది ఆయన కొండే. నన్ను పదిలంగా ఎక్కిచ్చినాడంటే నా సేత్తో ముడుపు విప్పి హుండీలో వేస్తాను. ఎక్కితే ఈ బండిలోనే ఎక్కుతాను. ఇంగ దేంట్లోనూ ఎక్కను." ఎందుకు చెబుతున్నానంటే, కొండదారి తెరిచాక బస్సు కూడా నడిచింది. అవ్వను అందులో కూర్చోబెట్టి ఉంటే ఈ కథే లేదు. ఆమె నోటి నుంచి మొక్కు వచ్చేసింది, ఇక తిరుగు లేదు.

ముడుపు ఎక్కడ కట్టిందో ఎవరూ అడగలేదు. పసుపు గుడ్డలో కాసు పెట్టి ముడివేసి దేవుడి గూట్లో పెడతారు, మేమూ అలాగే అనుకున్నాం. అందరిళ్ళలోనూ అంతే. ఒకరు కట్టిన ముడుపును ఇంకొకరు తాకరు. మొక్కు తీరేదాకా విప్పరు.

ఆ వారంలోనే మంచిరోజు చూసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, అవ్వను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాం. వీధుల్లో కారు రాజహంసలాగా పోయింది. అలిపిరి దాటి కొండదారి మొదటి మెరక తగలగానే మూలిగింది. నాలుగు బారలు ఎక్కి, దగ్గి, ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను, మళ్ళీ ఆగింది. మూడోసారి వెనక్కి జారడం మొదలుపెట్టేసరికి నాయన దూకి చక్రం కింద రాయి వేశాడు. పక్కన బస్సు ఒకటి నిండా జనంతో గోవిందలు కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది.

"వచ్చేసినామా?" అంది అవ్వ.

చిత్తూరు ఏజెన్సీని నేను అందంగా తిట్టడం ఆ రోజు మొదలుపెట్టాను.

పెట్రోలు కూపన్ల మీద ఇచ్చే రోజులు. చిత్తూరుకు కారు తోలుకుపోయి వస్తే నెల కోటాలో సగం పైన హరించుకుపోతుంది. అయినా తప్పదు. చంద్రగిరి దాటాక, ఎటునుంచి వచ్చినా ఎక్కాల్సిన మెరక దగ్గర, పొలాల్లో పనిచేసుకునే వాళ్ళను బతిమాలి తోయించుకున్నాను. వాళ్ళలో ఒక ముసలాయన, "ఎద్దుల్ని కట్టుకుంటివంటే ఈ అవస్థ లేదు గదప్పా" అన్నాడు. ఆయన చెప్పింది నిజం.

ఏజెన్సీ ముందుభాగం అంతా అద్దాలు. కొత్త కారు నిలపాల్సిన చోట కారు లేదు గనుక క్రోటన్ మొక్కల కుండీలు నిలిపి ఉంచారు. వాటి వెనక మేనేజరు. క్రైస్తవుడు, మర్యాదస్తుడు. చిత్తూరు ఎండలో టై కట్టుకుని కూర్చోగలిగిన మనిషి. ఆయన తెలుగు పాఠ్యపుస్తకంలోంచి నేరుగా నడిచి వచ్చినట్టుండేది.

"తమ వాహనానికి ఏమి అస్వస్థత?" అని అడిగాడు.

"మెరక ఎక్కదు."

పెద్ద కాగితం తీసి ఇంగ్లీషులో రాసుకున్నాడు. "సమతలము మీద?"

"పోతుంది."

"సంతోషము" అన్నాడు, అదీ రాసుకుంటూ.

కారును వాళ్ళకు వదిలి రైల్లో తిరిగొచ్చాను. పాకాలలో ఇంజను నీళ్ళు పట్టుకునేంతసేపు ప్లాట్‌ఫారం మీద పచార్లు చేస్తూ, ఇంకో రెండు వారాల్లో అవ్వ కొండ మీద ఉంటుందని లెక్కవేసుకున్నాను. ఆ లెక్క వేసినందుకు ఇప్పటికీ నాకు నా మీద జాలి వేస్తుంది.

రెండు వారాలకు పోయి చూస్తే కారు ధగధగలాడుతోంది. నా మీసం దాని తలుపులో కనిపించింది. సీట్ల దుమ్ము దులిపారు. బాగానే ఉన్న హారన్‌ను ఇంకా బాగుచేశారు. మేనేజరు నిలువెత్తు కాగితం చేతికిచ్చాడు. చేసిన పనులన్నీ ఇంగ్లీషులో వరసగా రాసి ఉన్నాయి. చదివే ఓపిక ఎవరికి? మడిచి జేబులో పెట్టుకుని కారెక్కాను. చంద్రగిరి మెరక దగ్గర అది మూలిగి, దగ్గి, ఆగింది. పైన పటారం, లోన లొటారం. ఆ ముసలాయన పొలంలోంచి నడుం ఎత్తి చూసి, పిలవకుండానే వచ్చాడు.

ఇంటికి వచ్చాక కాగితాన్ని ఉండచుట్టి విసిరేశాను. నాయన దాన్ని ఏరుకుని, సాపు చేసి, మిషను కాగితాలతో పాటు గోడకున్న ఇనప తీగ కంపికి గుచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ, రాసిన కాగితాన్ని పారేయడం ఆయనకు తెలియదు.

పెట్రోలు కోసం మళ్ళీ నెల ఆగాలి. ఆ నెలలోనే నాకు ఒక అనుమానం వచ్చింది. అవ్వ ఎప్పుడు చూసినా మూడు వేళ్ళే అంటోంది. నాయన ఎప్పుడూ చూపించేది మూడే, నామాల్లాగా, అలవాటు కొద్దీ. ఒకరోజు పొద్దున నాయన వెనక నిలబడి, నాలుగు చూపించమని సైగ చేశాను. నాయన నాలుగు చూపించాడు.

"మూడు" అంది అవ్వ.

నాయన చెయ్యి దించకుండా అలాగే నిలబడిపోయాడు. తర్వాత నాలుగడుగులు ముందుకు నడిచి మళ్ళీ చూపించాడు. ఇంకో రెండడుగులు. మంచం పట్టె దగ్గరికి వచ్చాక గానీ అవ్వ నాలుగు అనలేదు. "ఎంతసేపు ఎత్తుకోనుంటావు సెయ్యి, దించు నాయనా, నొప్పి పుడుతుంది" అని మాత్రం అంది. ఆ రోజు నాయన మిషనుకు పోలేదు.

రెండోసారి చిత్తూరుకు పోయినప్పుడు నాలో ఉన్నది మనిషి కాదు, మిరపకాయల పొగ. క్రోటన్ మొక్కల మధ్య నిలబడి అరిచాను.

"హారన్ ఎట్లు పలుకుచున్నది?" అన్నాడు మేనేజరు, అదేమీ విననట్టు.

"బ్రహ్మాండంగా పలుకుతోంది. మెరక కింద నిలబడి ఎంతసేపైనా కొట్టుకోవచ్చు."

"సంతోషము."

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తానే కారు తోలాడు. కచేరీ వీధిలో అటు మైలు, ఇటు మైలు. నేల చాపలాగా సమంగా ఉంటే కారుకేం తెగులు? చక్కగా పోయింది. మెరక మీద తోలి చూడమన్నాను. "మా వర్క్‌షాపు సమతలము మీద ఉన్నదండి. మెరకను మేము తెప్పించలేము" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "తమరు బహుశా పూర్తిగా తొక్కుట లేదేమో" అన్నాడు.

"కారు అడుగు చిల్లుపడేటట్టు తొక్కుతున్నానయ్యా!"

ఇలా కాదని లోపలికి, వర్క్‌షాపులోకి పోయాను. అక్కడ పెద్ద మేస్త్రీ ఒక సాయిబు. గడ్డం సగం తెలుపు, సగం ఇంజను నూనె. కారు బానెట్ ఎత్తి ఉంది. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చి, "అప్పా, ఒక మాట సెప్పాల మీతో..." అన్నాడు.

"మాటలు సాలు మేస్త్రీ. ముందు పని సూడు" అని గుడ్లురిమి, గిరుక్కున తిరిగి వచ్చేశాను. రైల్లో కూర్చున్నాక కూడా, సరిగ్గా సమాధానం చెప్పానన్న తృప్తి తగ్గలేదు.

ఈసారి నెలన్నర పట్టింది. ఏ సామాను అడిగినా మద్రాసు నుంచి రావాలనేవారు. మద్రాసులో అడిగితే ఓడ మీద రావాలి, ఓడ ఎక్కడుందంటే యుద్ధంలో ఉంది. మా అవ్వ కొండ ఎక్కకుండా జర్మనీ వాడు అడ్డుపడుతున్నాడని మా వీధిలో చెప్పుకునేవాళ్ళు. ప్లగ్గులు మార్చారు. పెట్రోలు గొట్టాలు ఊడదీసి కడిగారు. సైలెన్సరు మార్చారు. మళ్ళీ నిలువెత్తు కాగితం ఇచ్చారు, మళ్ళీ చదవలేదు. కారు చంద్రగిరి దాకా వచ్చి, అదే మెరక దగ్గర, అదే చోట ఆగింది. ముసలాయన గట్టు మీద కూర్చుని సద్ది తింటున్నాడు. "ఉండప్పా, సెయ్యి కడుక్కోని వస్తా" అన్నాడు.

అప్పటికి నాలుగు నెలలు కావస్తోంది. నాయన వేళ్ళు చూపించడం మానేశాడు. అవ్వ తలుపు వైపు చూసి వెలుతురు ఉందా లేదా చెప్పేది, అంతే. కారు గురించి మాత్రం రోజూ అడిగేది. "మొక్కు తీరితే గానీ అది ఎక్కదా, అది ఎక్కితే గానీ నా మొక్కు తీరదా, ఏందిరా ఈ తిరకాసు?" అని నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు. ఆమెకు చేయవలసిన ఒకే ఒక్క పని చేతకాని మనవణ్ణి అనిపించి, ఆ సిగ్గును కూడా ఏజెన్సీ మీద కోపం చేసుకునేవాణ్ణి.

మూడోసారి బయల్దేరేటప్పుడు నాయన కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "రెండుసార్లు నోరు తెరుసుకోని పోయినావు. ఈసారి నోరు మూసుకోని సెవులు తెరుసుకోని పో. ఒక్క మాట మాట్లాడినావా, నా మీద ఒట్టే" అన్నాడు. ఒట్టు పెట్టాక ఏం చేస్తాను? చంద్రగిరి మెరక దగ్గర ముసలాయన నన్ను పలకరిస్తే కూడా తల ఊపి ఊరుకున్నాను. పాపం నాకు గొంతు పోయిందనుకున్నాడు.

ఏజెన్సీకి పోయి కారు నిలిపి, కుర్చీలో కూర్చున్నాను. మేనేజరు నా అరుపు కోసం కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. ఆయనకే ఏమీ తోచక మేస్త్రీని పిలిచాడు. మేస్త్రీ వచ్చి, నా నోరు మూసి ఉండటం చూసి, ఇదే సందనుకున్నట్టు, "అప్పా, ఈపొద్దన్నా సెప్పనిస్తారా?" అన్నాడు. తల ఊపాను. నన్ను కారు దగ్గరికి తీసుకుపోయి బానెట్ ఎత్తాడు.

నేను అవ్వకు గుండెకాయ అని చూపించిన సన్న కడ్డీకి, సరిగ్గా అది కదలవలసిన చోట, పసుపు గుడ్డ ముడుపు బిగించి కట్టి ఉంది. పసుపు నూనెలో నల్లబడి, అంచుల్లో మాత్రం మిగిలింది.

"ముడుపు అడ్డం పడి కడ్డీ సగానికే ఆగిపోతాండాది. ఇంజనుకు సగం గాలి, సగం పెట్రోలు. సగం బలంతో కొండ ఎట్ల ఎక్కుతాది?" అన్నాడు.

నా కాలి కింద పెడలు సగంలో ఆగుతుంటే, అదే దాని అడుగనుకున్నాను. కారు వచ్చిన మరునాడే ముడుపు పడింది కాబట్టి, అది పూర్తిగా దిగడం నేనెప్పుడూ చూడలేదు. నా ఒట్టు అక్కడితో తీరిపోయింది. "నీకు ఎప్పుడు తెలుసు?" అని అరిచాను.

"మొదటిసారే సూసినా. మీరు కావాలనే కట్టినారనుకున్నా. పిల్లోడు కొత్తగా తోలతాండాడు, దూకుడు మనిషి, ఇంట్లో పెద్దోళ్ళు దేవునికి సెప్పి బండికి ముక్కుతాడు ఏసినారేమో అనుకున్నా. రెండోసారి అడుగుదామని వస్తే మాటలు సాలు అంటిరి."

"విప్పి పారెయ్యకపోయినావా?"

మేస్త్రీ రెండడుగులు వెనక్కి వేశాడు. "మీ దేవుని మొక్కు. నేను తాకినానని రేపు ఎవరన్నా అంటే? ఆ మాట పడలేనప్పా." పక్కన నామం పెట్టుకున్న మెకానిక్కు ఒకడు స్పానరు దించి, "సామి వడ్డీ వదలడన్నా. ఎవురి సెయ్యి ముడుపు విప్పితే ఆ సెయ్యి మీద వసూలు సేసుకుంటాడు" అన్నాడు. మేనేజరు గొంతు సవరించుకుని, "ఖాతాదారుల దైవముతో మేము జోక్యము చేసికొనము. ఆ విషయము తమకు లిఖితపూర్వకముగా తెలియజేసియున్నాము" అంటూ తన దగ్గరున్న నకళ్ళు తీశాడు. నేను చదవకుండా వదిలేసిన కాగితాల నకళ్ళే. రెండింటిలోనూ అట్టడుగున ఒకే వాక్యం ఉంది. యజమానిగారు ఇంజనుకు కట్టిన పూజాద్రవ్యాన్ని కదిలించలేదని. రెండోసారి దాని కింద ఎర్ర సిరాతో గీత గీశాడు. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పటిదాకా నేను దేవుడు లేడని వాదించే రకం. విప్పుదామని చెయ్యి చాపాను. ఆ నల్లటి గుడ్డను తాకబోయేసరికి నా చెయ్యీ ఆగిపోయింది. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. కాసేపు ఆ వర్క్‌షాపులో ముడుపు తాకలేని నాలుగోవాణ్ణి నేనయ్యాను. అప్పుడు గుర్తొచ్చింది, నాయన చెయ్యెత్తి మంచం వైపు ఒక్కో అడుగే వేయడం. విప్పేశాను. ముడి నూనెకు బిగుసుకుని ఉంది, గోరు చిట్లింది. కాసు ఉన్న మూట అలాగే ఉంచి, జానెడు దూరంలో అడ్డం లేని ఒక గొట్టానికి మళ్ళీ కట్టాను. మేస్త్రీ అల్లాను తలుచుకున్నాడు. మేనేజరు సంతోషమని కూడా అనలేకపోయాడు.

చంద్రగిరి మెరక ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో తెలియలేదు. ముసలాయన చెయ్యెత్తి ఏదో అరిచాడు. సంతోషమో, ఆశాభంగమో.

నాయనకు మిషనులోనే అంతా చెప్పేశాను. ఆయన చాలాసేపు కంపికి గుచ్చిన కాగితాల వైపు చూశాడు. "అవ్వకు తెలీకూడదు" అన్నాడు. "ఆమె కట్టిన ముడే ఆమె చూపు మింగిందని ఎట్ల సెప్తాం? కంపెనీవాళ్ళే సెడగొట్టినారు. అంతే." ఆ రాత్రి భోజనాల దగ్గర మేమిద్దరం పోటీపడి ఏజెన్సీని తిట్టాం. నాయన ఎప్పుడూ ఎవరినీ తిట్టినవాడు కాడు. తిట్లు రాక, నేనన్నవే మళ్ళీ అన్నాడు. "పోనీలే, వాళ్ళను అంత మాటనొద్దు" అంది అవ్వ.

మరునాడు తెల్లవారగానే కొండ ఎక్కాం. కారు ఒక్క చోట కూడా మూలగలేదు. ప్రతి మలుపు దగ్గరా అవ్వ ఎక్కడున్నామని అడిగింది, నేను చెప్పాను. లోయ ఎంత లోతుందో కూడా చెప్పాను. "అది సెప్పొద్దు, తోలు" అంది.

పైన కారు ఆపగానే, "మూత ఎత్తు" అంది.

"ఎందుకవ్వా?"

"నా ముడుపు ఆడుండాది. నేనే గదా విప్పాల్సింది."

నాయన నా వైపు చూశాడు. కాలుతుందని చెప్పి చూశాను. "కాలనీ" అంది. చేసేది లేక బానెట్ ఎత్తాను. ఆమె చెయ్యి, నేను దారి చూపకుండానే, నేరుగా ఆ కడ్డీ మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. వేళ్ళు ఒక్క క్షణం ఆగి, చుట్టూ వెతికి, జానెడు దూరంలో ముడుపును పట్టుకున్నాయి. ముడిని బొటనవేలితో తడిమింది.

"ఇది నా ముడి గాదే" అంది. "నాది మూడు సుట్లు."

"కంపెనీవాళ్ళు విప్పి మళ్ళా కట్టినట్టుండారవ్వా" అన్నాను.

అవ్వ ముడుపు విప్పి గుప్పిట్లో పెట్టుకుంది. ఇంకో చెయ్యి మళ్ళీ కడ్డీ మీదికి పోయింది. దాన్ని అటూ ఇటూ పూర్తిగా కదిపి చూసింది. అడ్డం లేకుండా కదిలింది.

"విప్పినాకనే ఎక్కిందా?"

నాయన గుడి గోపురం వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఊఁ" అంది అవ్వ. "పదండి, ఆలస్యమయింది."

నాయన ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయాం. స్వామి ఎదురుగా ఆమె మెడ చాపి, కళ్ళు చికిలించి, మా చేతుల్లోంచి ముందుకు పడిపోయేంతగా వంగింది. హారతి వెలిగినప్పుడు రెండు చేతులూ ఎత్తింది. జనం వెనకనుంచి తోస్తుంటే నేను కదలకుండా నిలబడ్డాను. ఎవరైనా ఇంకొక్కసారి తోసి ఉంటే కొట్టి ఉండేవాణ్ణి.

బయటికి వచ్చాక నాయన భయపడుతూ అడిగాడు. "కనిపించినాడా అమ్మా?"

"దీపాలు కనిపించినాయి. నామం తెల్లగా కనిపించింది" అంది. "ఆయన కండ్లు నామం మూసింది, నా కండ్లు శుక్లం మూసింది. ఇద్దరం మాటతోనే సరిపెట్టుకుంటిమి" అంది.

నేను పక్కకు తిరిగి ఏడ్చాను. నాలుగు నెలల కిందట ఆమెకు ఇంతకన్నా చూపుండేది. ఒక మేస్త్రీ చెప్పబోయిన ఒక్క మాట నేను విని ఉంటే, ఒక్క కాగితం చివరిదాకా చదివి ఉంటే, ఆమె స్వామి ముఖమంతా చూసేది. కోపం నా సొత్తు, దాని ఖరీదు ఆమె కట్టింది.

హుండీ దగ్గర అవ్వ ముడుపును కళ్ళకద్దుకుని లోపల వేసింది. తర్వాత నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"కంపెనీవాళ్ళ పేరుతో ఒక కాసు వెయ్యి. తెలీక స్వామి ముడుపు తాకినారు, పాపం."

జేబులోంచి కాసు తీసి వేశాను.

"వేసినావా?"

"వేసినానవ్వా."

అవ్వ అక్కడినుంచి కదల్లేదు. చిట్లిన నా గోరును బొటనవేలితో మెల్లగా తడిమింది.

"ఇప్పుడు నీదొకటి వెయ్యి" అంది.